పాత డెస్క్‌టాప్‌కు హార్డ్ డిస్క్ మార్చాలంటే డబ్బు ఎక్కడ పెట్టాలి

మీ ప్రశ్న సారాంశం ఇది. 2012లో కొన్న డెస్క్‌టాప్, అందులో మొదటి నుంచీ ఉన్నది 500 జీబీ హార్డ్ డిస్క్, 4 జీబీ ర్యామ్, ఇప్పుడు నడుస్తున్నది విండోస్ 10. ఆన్ చేసిన తరువాత పని మొదలుపెట్టే స్థితికి రావడానికి అయిదారు నిమిషాలు పడుతోంది, ఈ మధ్య ఫైళ్లు తెరిచేటప్పుడు అప్పుడప్పుడూ బిగుసుకుపోతోంది. ఫొటోలు, పత్రాలు కలిపి 180 జీబీ దాకా ఉన్నాయి, వాటికి మరో ప్రతి లేదు. తక్కువ ధరలో 1 టీబీ తీసుకోవాలా, 2 టీబీ తీసుకోవాలా, 5400 ఆర్‌పీఎం (డిస్క్ నిమిషానికి తిరిగే చుట్లు) చాలా, 7200 ఆర్‌పీఎం కావాలా అన్నది మీ సందేహం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీకు ఇప్పుడు కావలసింది పెద్ద హార్డ్ డిస్క్ కాదు. 500 జీబీ సామర్థ్యం ఉన్న మామూలు సాటా ఎస్‌ఎస్‌డి (తిరిగే పళ్లెం బదులు చిప్పుల్లో డేటా దాచే డిస్క్; సాటా అంటే డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే పద్ధతి) ఒకటి కొనండి. విండోస్‌కూ ప్రోగ్రాములకూ ఒక 60 జీబీ, మీ ఫైళ్లకు 180 జీబీ పోగా అందులో ఇంకా సగం దాకా ఖాళీగా ఉంటుంది. మిగిలిన డబ్బును ఆ 180 జీబీకి రెండో ప్రతి ఉంచుకోవడానికి వాడండి. పుష్కరం దాటిన మదర్‌బోర్డు, పవర్ సప్లై ఇంకెన్నాళ్లు పనిచేస్తాయో ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి ఈ కంప్యూటరులో ఇప్పుడు ఏ వస్తువు పెట్టినా, ఇది మూలపడిన రోజున ఊడదీసి మరో దానిలో వాడుకోగలిగేదై ఉండాలి. ఈ ఒక్క కొలతతో చూస్తే ఏది కొనాలో, ఏది అక్కర్లేదో చాలా వరకు తేలిపోతుంది.

అయితే కొనడానికి బయలుదేరే ముందు ఆ 180 జీబీ సంగతి చూడండి. మరో ప్రతి లేదని మీరు మామూలుగా రాసేశారు గానీ, మీ ప్రశ్న మొత్తంలో నన్ను కలవరపెట్టినది ఆ మాటే. ఫైలు తెరవబోతే కంప్యూటరు బిగుసుకుపోతోందంటే, చదవలేకపోతున్న ఒక సెక్టరు (డిస్క్ మీద డేటా రాసే చిన్న భాగం) దగ్గర డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉండవచ్చు. బయటి డిస్క్ ఏదైనా ఉంటే, లేదా ఎవరి దగ్గరనైనా నాలుగు రోజులు అడిగి తెచ్చుకోగలిగితే, ఈరోజే కాపీ చేయడం మొదలుపెట్టండి. మళ్లీ సంపాదించలేనివి ముందు, అంటే ఫొటోలూ మీరు స్వయంగా తయారుచేసుకున్న పత్రాలూ. సినిమాలు, ఇన్‌స్టాలేషన్ ఫైళ్లు ఆఖరున. ఈ పని పూర్తయ్యేదాకా చెక్‌డిస్క్ (డిస్క్ మీది తప్పులు సరిచేసే విండోస్ ప్రోగ్రాము) నడపవద్దు, డీఫ్రాగ్ (ఫైళ్ల ముక్కలను ఒకచోట చేర్చడం) చేయవద్దు. చెక్‌డిస్క్ పని ఫైల్ వ్యవస్థను పొందికగా చేయడమే తప్ప మీ ఫైళ్లను కాపాడడం కాదు. పైగా పాడైన సెక్టర్లను వెతికే ఐచ్ఛికంతో నడిపితే అది డిస్క్ మొత్తాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చదివిస్తుంది. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ ప్రాణం పోవడానికి ఆ శ్రమ చాలు. మామూలు కాపీ ఒకే చోట ఆగిపోతూ ఉంటే, లినక్స్ (విండోస్ బదులు వాడే ఉచిత వ్యవస్థ) లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి, అంటే డిస్క్ మీద ఏమీ వేయకుండానే కంప్యూటరును నడిపే పెన్‌డ్రైవ్ నుంచి, డీడీరెస్క్యూ అనే ఉచిత సాధనం వాడవచ్చు. అది ముందు తేలికగా చదవగలిగిన భాగాలన్నీ తీసుకుని, మొండికేసిన భాగాలను ఒక ఫైలులో గుర్తు పెట్టుకుని, వాటి దగ్గరికి తరువాత మళ్లీ వస్తుంది. డిస్క్ లోపల టక్ టక్‌మని శబ్దం క్రమం తప్పకుండా వస్తూ ఉంటే మాత్రం కరెంటు తీసేయండి. ఆ స్థితిలో ఇంట్లో చేసే ప్రయత్నాలు నష్టాన్ని పెంచుతాయి.

కాపీ అయ్యాక, తప్పు నిజంగా డిస్క్‌దేనా అని చూడాలి. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, లినక్స్‌లో స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ఉచిత ప్రోగ్రాములు డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ వివరాలను చూపిస్తాయి. ఆ పట్టికలో మీరు పట్టించుకోవలసినవి నాలుగే. 05 అనే వరుస, పాడైపోయిన సెక్టర్ల బదులు డిస్క్ తన నిల్వలోనుంచి తీసి వాడుకున్న వాటి లెక్క. అది ఏళ్ల తరబడి కొద్ది సంఖ్య దగ్గరే నిలిచి ఉంటే కొన్నాళ్లు వాడుకోవచ్చు. వారం వారం పెరుగుతూ ఉంటే ఇక దానిని నమ్మకూడదు. సీ5 అంటే చదవలేక అనుమానాస్పదంగా పక్కన పెట్టిన సెక్టర్లు, సీ6 అంటే ఎన్నిసార్లు ప్రయత్నించినా దక్కని సెక్టర్లు. ఈ రెండింటిలో ఏది సున్నా కాకపోయినా డిస్క్ మార్చవలసిందే. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ఈ అంకెలను హెక్సాడెసిమల్‌లో (పది బదులు పదహారు ఆధారంగా ఉండే లెక్కలో) చూపిస్తుంది కాబట్టి 10 అని కనిపిస్తే అది మన లెక్కలో 16 అని గుర్తుంచుకోవాలి.

నాలుగోది సీ7. దీని అర్థం తెలియక మంచి డిస్కులను పారేసినవారు చాలామంది ఉన్నారు. డిస్క్‌కూ మదర్‌బోర్డుకూ మధ్య తీగలో డేటా చెదిరిపోయిన సందర్భాల లెక్క ఇది. మిగిలిన మూడూ శుభ్రంగా ఉండి ఇది ఒక్కటే పెద్దదిగా ఉంటే, దోషం సాటా కేబుల్‌ది కావచ్చు, లేదా వదులైన కనెక్టర్‌ది కావచ్చు. కేబుల్ మార్చి, ఈ అంకెను కాగితం మీద రాసుకుని, కొన్ని రోజుల తరువాత మళ్లీ చూడండి. ఇది ఎప్పటికీ తగ్గదు గనుక, పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి. డిస్క్ మార్చడంతో పోలిస్తే ఎంతో తక్కువ ఖర్చయ్యే ఈ పరీక్షను ఎవరూ వదలకూడదు.

ఇక ర్యామ్. 4 జీబీతో విండోస్ 10 నడుపుతూ బ్రౌజర్‌లో నాలుగైదు ట్యాబులు తెరిస్తే, చాలని జ్ఞాపకశక్తిని సిస్టమ్ డిస్క్ మీదనుంచి అరువు తెచ్చుకుంటుంది. అప్పుడు టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తుంది, నింద డిస్క్ మీద పడుతుంది. మీ కాలపు బోర్డుల్లో డీడీఆర్3 ర్యామ్ ఉంటుంది. వాడినది దొరికితే మరో 4 జీబీ కలపండి. ఎస్‌ఎస్‌డి తరువాత ఈ కంప్యూటరు మీద పెట్టదగిన డబ్బు ఇదొక్కటే అని నా ఉద్దేశం. కానీ అది ఇక్కడితోనే ఆగిపోతుంది, కొత్త యంత్రానికి పనికిరాదు. కాబట్టి వాడినదే తీసుకోండి, కొత్తది వద్దు.

ఇప్పుడు మీరు అడిగిన 5400, 7200 సంగతి. నిమిషానికి 7200 సార్లు తిరిగే పళ్లెం ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, కాబట్టి కావలసిన సెక్టరు, డేటాను చదివే తల కిందికి రావడానికి సగటున 4.2 మిల్లీసెకన్లు వేచి ఉండాలి. 5400లో అది 5.6 మిల్లీసెకన్లు. దీనికి తోడు తల ఒక ట్రాక్ (పళ్లెం మీది వలయం) నుంచి మరో ట్రాక్‌కు జరగడానికి సగటున ఇంచుమించు 9 మిల్లీసెకన్లు పడుతుంది, ఇది రెండిటికీ ఉన్నదే. మొత్తం మీద ఒకటి 13 మిల్లీసెకన్ల దగ్గర, మరొకటి 15 దగ్గర తేలతాయి. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లు చదవవలసి వచ్చినప్పుడు ఎంత గొప్ప డిస్క్ అయినా సెకనుకు వంద లోపు చోట్లకే వెళ్లగలదు. విండోస్ మొదలయ్యేటప్పుడు జరిగేది సరిగ్గా ఇదే: వేల కొద్దీ చిన్న ఫైళ్లు, అన్నీ వేరు వేరు చోట్ల. ఎస్‌ఎస్‌డిలో కదిలే భాగమే లేదు. అడిగిన చోటికి వెళ్లడానికి పట్టే కాలం మిల్లీసెకనులో పదో వంతు, చాలాసార్లు అంతకన్నా తక్కువ. అందుచేత 5400 నుంచి 7200కు మారితే కలిగే తేడా గడియారం పెట్టి చూస్తే గానీ తెలియదు; ఏ హార్డ్ డిస్క్ నుంచైనా ఎంత చవక ఎస్‌ఎస్‌డికి మారినా కలిగే తేడాను ఎవరూ చెప్పకుండానే గమనిస్తారు.

పాత బోర్డులో ఎస్‌ఎస్‌డి వేగం వృథా అవుతుందనే మాట మీరు వినే ఉంటారు. అందులో కొంత నిజం ఉంది. సాటా మూడు తరాలుగా వచ్చింది: సెకనుకు 1.5, 3, 6 గిగాబిట్లు. ఇవాళ అమ్ముతున్న సాటా ఎస్‌ఎస్‌డిలు మూడో తరానివి, వరుసగా చదివేటప్పుడు సెకనుకు 500 ఎంబీ దాటి ఇవ్వగలవు. రెండో తరం పోర్టుకు తగిలిస్తే 270 ఎంబీ దగ్గర ఆగిపోతాయి. కానీ పైన చెప్పుకున్న చిన్న ఫైళ్ల వేగం ఆ పరిమితి దరిదాపుల్లోకి కూడా రాదు. పెద్ద వీడియో ఫైలు కాపీ చేసినప్పుడు తప్ప ఆ లోటు మీకు కనిపించదు. 2012 నాటి ఇంటెల్ బోర్డుల్లో హెచ్61 చిప్‌సెట్ (బోర్డు మీద పోర్టులను నడిపే చిప్) ఉన్నవాటికి ఆ చిప్‌సెట్ ఇచ్చే పోర్టులన్నీ 3 గిగాబిట్లవే. బీ75 అయితే 6 గిగాబిట్లది ఒక్కటి ఉంటుంది. ఆ ఒక్కటీ ఏదో బోర్డు మీద గానీ దాని మాన్యువల్‌లో గానీ రాసి ఉంటుంది, ఎస్‌ఎస్‌డిని దానికే తగిలించండి.  

ఏ ఎస్‌ఎస్‌డి అన్నది ఇక పెద్ద చిక్కు కాదు. ఎం.2 ఆకారంలో వచ్చే ఎన్‌వీఎంఈ రకాన్ని వదిలేయండి. మీ బోర్డులో దానికి చోటు ఉండదు, విస్తరణ కార్డు మీద బిగించినా ఆ కాలపు బయోస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాము) సాధారణంగా దాని నుంచి బూట్ చేయజాలదు, అంటే విండోస్‌ను మొదలుపెట్టజాలదు. 2.5 అంగుళాల సాటా రకమే మీది. అందులో చవకవైన కింగ్‌స్టన్ ఏ400, క్రూషియల్ బీఎక్స్500 వంటి వాటిలో డీరామ్ (వేగంగా పనిచేసే తాత్కాలిక జ్ఞాపకం) ఉండదు. ఏ సమాచారం ఎక్కడ ఉందో చెప్పే పట్టికను అవి ఫ్లాష్‌లోనే, అంటే డేటా దాచే చిప్పుల్లోనే, ఉంచుకుంటాయి కాబట్టి, నిండిపోయే కొద్దీ, ఒకేసారి ఎక్కువ రాసే కొద్దీ మందగిస్తాయి. శాంసంగ్ 870 ఎవో వంటి వాటిలో డీరామ్ ఉంటుంది, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. మీ వాడకానికి మొదటి రకం చాలు. అయితే మూడు షరతులు. ఒకటి, 120 జీబీ జోలికి వెళ్లకండి. విండోస్ నవీకరణలతోనే అది నిండుతుంది, నిండిన చిన్న ఎస్‌ఎస్‌డి నత్తనడక నడుస్తుంది. రెండు, క్యూఎల్‌సీ ఫ్లాష్ (ఒక్కో కణంలో నాలుగు బిట్లు దాచేది) కన్నా టీఎల్‌సీ ఫ్లాష్ (మూడు బిట్లు దాచేది) ఉన్నదే మేలు. ధరలో తేడా స్వల్పమైతే ఆలోచించనే అక్కర్లేదు. మూడు, ఎప్పుడూ పేరు వినని తయారీదారు ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. లోపల ఏ చిప్పులు ఉన్నాయో, రేపు వారంటీకి ఎవరిని అడగాలో తెలియని వస్తువు చవకది కాదు.

ఎస్‌ఎస్‌డి అరిగిపోతుందన్న భయం చాలామందిలో ఉంది, లెక్క వేస్తే అది నిలబడదు. ఏ400లోనూ బీఎక్స్500లోనూ 240 జీబీ నమూనాకు తయారీదారు ఇచ్చే రాత పరిమితి 80 టీబీ. ఇంటి వాడకంలో రోజుకు 20 జీబీ రాస్తారనుకున్నా, అది చాలా ఉదారమైన అంచనా, 4000 రోజులు పడుతుంది. అంటే దాదాపు 11 సంవత్సరాలు. 500 జీబీ తరగతిలో ఆ పరిమితి ఇంకా ఎక్కువ. నిజంగా భయపడవలసిన విషయం వేరే ఉంది. హార్డ్ డిస్క్ పోయే ముందు శబ్దాలు చేసి, మందగించి, ఎంతో కొంత సూచన ఇస్తుంది. ఎస్‌ఎస్‌డి నిన్న రాత్రి బాగానే పనిచేసి ఇవాళ ఉదయం బయోస్‌కు కూడా కనిపించకుండా పోగలదు. రెండో ప్రతి గురించి నేను ఇంతగా చెప్పడానికి కారణం అది.

ఇంత చెప్పినా హార్డ్ డిస్కే కావలసినవారు ఉంటారు: వీడియోలు పోగుచేసేవారు, కెమెరా ఫొటోలు టీబీల లెక్కన ఉన్నవారు. మీరు కూడా ఆ 180 జీబీ త్వరలో 1 టీబీ అవుతుందనుకుంటే ఈ భాగం మీకు పనికొస్తుంది. హార్డ్ డిస్క్ ధరలో మోటారు, తల, పెట్టె, సర్క్యూట్ బోర్డు వీటి ఖర్చు సామర్థ్యంతో నిమిత్తం లేకుండా ఉంటుంది. అందువల్ల 500 జీబీ డిస్క్ 1 టీబీ డిస్క్ ధరలో సగానికి దొరకదు, చాలాచోట్ల దాని దగ్గరి ధరకే ఉంటుంది. తక్కువ సామర్థ్యం ఉన్న హార్డ్ డిస్కులు కొనడంలో అర్థం లేదు. 1 టీబీ లోపు అవసరానికి ఎస్‌ఎస్‌డి, అంతకు మించితే 2 టీబీ హార్డ్ డిస్క్ అని నేను గీత గీసుకుంటాను. ప్రపంచంలో ఇప్పుడు హార్డ్ డిస్కులు చేసే సంస్థలు మూడే మిగిలాయి: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. మిగిలిన పేర్లు కనిపిస్తే అవి ఈ ముగ్గురి డిస్కుకు వేరే పెట్టె తొడిగినవి, లేదా పాత నిల్వలు. ముగ్గురిలో ఎవరు మంచివారు అని వాదించుకోవడం వల్ల ప్రయోజనం లేదు; నమూనా నుంచి నమూనాకు ఉండే తేడా సంస్థ నుంచి సంస్థకు ఉండే తేడా కన్నా పెద్దది.

చూడవలసిన తేడా ఎస్ఎంఆర్, సీఎంఆర్ అన్నది. సీఎంఆర్ డిస్కులో ట్రాకులు పక్కపక్కన విడివిడిగా ఉంటాయి. ఎస్ఎంఆర్ డిస్కులో పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని అంచు మీద మరొకటి ఎక్కి ఉంటాయి; మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీదివన్నీ లేపి మళ్లీ పేర్చవలసినట్టు, మధ్యలో ఒక ట్రాకు మార్చాలంటే ఆ గుంపులో దాని తరువాతి వాటినన్నిటినీ తిరిగి రాయాలి. ఈ శ్రమను దాచడానికి డిస్క్ కొంత చోటును తాత్కాలిక నిల్వగా ఉంచుకుంటుంది. పది ఫైళ్లు రాస్తే తెలియదు. 200 జీబీ ఒకేసారి రాస్తే ఆ నిల్వ నిండి వేగం చటుక్కున పడిపోతుంది. విండోస్‌ను నడపడానికి ఎస్ఎంఆర్ డిస్క్ బొత్తిగా పనికిరాదు. ఒకసారి రాసి పక్కన పెట్టుకునే రెండో ప్రతికి మాత్రం నిక్షేపంగా పనికొస్తుంది. 2020 వరకు తయారీదారులు ఏ నమూనా ఏ రకమో కొన్నిటి విషయంలో బయటికి చెప్పలేదు; ఆ ఏడాది ఏప్రిల్‌లో పెద్ద దుమారం లేచిన తరువాత ఆ వివరాలు వెల్లడించడం మొదలుపెట్టారు. కాబట్టి కొనే ముందు పెట్టె మీది పూర్తి నమూనా సంఖ్యను తయారీదారు ఇచ్చిన పట్టికలో వెతకండి. ఉదాహరణకు సీగేట్ బారాకూడా 1 టీబీ నమూనాల్లో 64 ఎంబీ క్యాష్ (డిస్క్‌లోని తాత్కాలిక జ్ఞాపకం) ఉన్న ఎస్‌టీ1000డీఎం010 సీఎంఆర్; అదే వరుసలో 256 ఎంబీ క్యాష్ ఉన్న 2 టీబీ ఎస్‌టీ2000డీఎం008 ఎస్ఎంఆర్. క్యాష్ ఎక్కువ ఉన్నదే మంచిదనే పాత నమ్మకం ఇక్కడ తలకిందులవుతుంది.

2 టీబీ మించి కొనకపోవడానికి ఒక కారణం ఉంది. డిస్క్‌లో ఏ భాగం ఎక్కడ ఉందో రాసుకునే పాత ఎంబీఆర్ విభజన పట్టిక 2.2 టీబీ దాటిన చోటును చేరుకోలేదు. దాని తరువాత వచ్చిన జీపీటీ పద్ధతి చేరుకుంటుంది గానీ, జీపీటీ డిస్క్ నుంచి విండోస్ బూట్ కావాలంటే యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చినది) ఉండాలి. 2012 బోర్డుల్లో కొన్నిటికి అది ఉంది, కొన్నిటికి లేదు. బూట్ కోసం కాకుండా కేవలం నిల్వ కోసమైతే విండోస్ 10లో 4 టీబీ డిస్క్‌ను జీపీటీగా మార్చి మామూలుగానే వాడవచ్చు.

వాడిన డిస్కులు, రీఫర్బిష్డ్ (బాగుచేసి మళ్లీ అమ్మే) డిస్కులు చవకగా కనిపిస్తాయి. నిల్వ కోసం, రెండో ప్రతి ఉన్నప్పుడు, వారంటీ ఇచ్చే అమ్మకందారు దగ్గర తీసుకోవడం తప్పు కాదు. కొత్తదని చెప్పి పాతది అంటగట్టడమే ప్రమాదం. 2025 మొదట్లో, వేల గంటలు నడిచిన సర్వర్ డిస్కుల స్మార్ట్ లెక్కలను చెరిపి కొత్తవిగా అమ్ముతున్న వైనం ఐరోపాలో వెలుగులోకి వచ్చింది. సీగేట్ డిస్కుల్లో స్మార్ట్‌తో పాటు ఫార్మ్ అనే మరో లెక్క ఉంటుంది, స్మార్ట్‌మాన్‌టూల్స్ దానిని చదవగలదు. రెండిటిలో నడిచిన గంటలు పొసగకపోతే విషయం తెలిసిపోతుంది. ఇలాంటి సర్వర్ డిస్కులతో ఇంకొక చిక్కు కూడా ఉంది: కొన్నిటిలో సాటా పవర్ కనెక్టర్ మూడో పిన్నుకు 3.3 వోల్టులు అందితే డిస్క్ ఆగి ఉండాలని అర్థం. పాత పవర్ సప్లైలు ఆ పిన్నుకు ఎప్పుడూ 3.3 వోల్టులు ఇస్తూనే ఉంటాయి కాబట్టి డిస్క్ అసలు తిరగనే తిరగదు, కొన్నవారు అది చచ్చిన డిస్క్ అనుకుంటారు.

బిగించడం కష్టమేమీ కాదు, రెండు మూడు విషయాలు తెలిస్తే చాలు. ఎస్‌ఎస్‌డికి 2.5 నుంచి 3.5 అంగుళాలకు మార్చే చిన్న బ్రాకెట్ దొరుకుతుంది. దొరకకపోయినా, కదిలే భాగాలు లేవు గనుక, ఎక్కడో ఒక చోట కదలకుండా కట్టి ఉంచినా నష్టం లేదు. పవర్ సప్లై నుంచి సాటా కనెక్టర్ ఖాళీ లేకపోతే మోలెక్స్ (పాత రకం నాలుగు పిన్నుల కనెక్టర్) నుంచి మార్చే అడాప్టర్ కొంటారు. అందులో తీగలను ప్లాస్టిక్‌లో పోతపోసి చేసిన రకం లోపల తీగలు ఒకదానికొకటి తగిలి కాలిపోయిన సందర్భాలు ఉన్నాయి. తీగలు విడివిడిగా బయటికి కనిపించేలా బిగించిన రకమే తీసుకోండి. బయోస్‌లో సాటా మోడ్ (డిస్క్‌తో కంప్యూటరు మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ అని ఉందో, ఐడీఈ అని ఉందో చూడండి, ఏహెచ్‌సీఐ కావాలి. కొత్తగా విండోస్ వేస్తే ముందే మార్చుకోవచ్చు. ఉన్న విండోస్‌నే కొనసాగిస్తే, దానిని సేఫ్ మోడ్‌లో (కనీస అవసరాలతో మాత్రమే విండోస్ నడిచే పద్ధతిలో) తెరుచుకునేలా అమర్చి, రీస్టార్ట్ చేసేటప్పుడు బయోస్‌లో మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి రావాలి; అలా కాక నేరుగా మారిస్తే నీలి తెర వస్తుంది. కొన్నాళ్లు బాగా నడిచి ఉన్నట్టుండి మళ్లీ నీలి తెర వస్తే, తేదీ కూడా తప్పు చూపిస్తూ ఉంటే, మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయి బయోస్ అమరికలు మొదటికి వచ్చాయన్నమాట. ఇంత పాత బోర్డులో ఆ నాణెం బ్యాటరీని ఇప్పుడే మార్చేయడం మంచిది.

ఉన్న విండోస్‌ను క్లోన్ చేయాలా (ఉన్నది ఉన్నట్టు కొత్త డిస్క్ మీదికి కాపీ చేయాలా), కొత్తగా వేయాలా అంటే, సీ5, సీ6 శుభ్రంగా ఉంటేనే క్లోన్. క్లోన్‌జిల్లా ఉచితంగా ఆ పని చేస్తుంది. అయితే అది మామూలుగా తన లక్ష్యం మూలం కన్నా చిన్నదైతే ఒప్పుకోదు. 480 జీబీ అని రాసి ఉన్న ఎస్‌ఎస్‌డి మీ 500 జీబీ డిస్క్ కన్నా చిన్నదే. 500 జీబీ అని రాసి ఉన్నది ఎంచుకుంటే ఈ గొడవ ఉండదు. క్లోన్ అయిన తరువాత మొదటిసారి బూట్ చేసేటప్పుడు పాత డిస్క్ తీగ తీసేయాలి, లేకపోతే ఒకే గుర్తింపు ఉన్న రెండు డిస్కులు చూసి విండోస్ తికమకపడుతుంది. సీ5 సున్నా కాని డిస్క్‌ను క్లోన్ చేస్తే పాడైన ఫైళ్లతో సహా వస్తుంది కాబట్టి కొత్తగా వేయడమే నయం. విండోస్ 10 లైసెన్సు డిజిటల్‌గా మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటే, డిస్క్ మారినా దానంతట అదే యాక్టివేట్ అవుతుంది.

అయితే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, 2012 నాటి ప్రాసెసర్లను విండోస్ 11 అధికారికంగా అంగీకరించదు. ఎలాగూ కొత్తగా వేస్తున్నప్పుడు, మీ పని బ్రౌజర్, పత్రాలు, ఫొటోల వరకే అయితే లినక్స్ మింట్ ఒకసారి పెన్‌డ్రైవ్ మీదనుంచి నడిపి చూడండి. నచ్చకపోతే డిస్క్ మీద ఏమీ మారదు.

పాత డిస్క్ స్మార్ట్‌లో శుభ్రంగా తేలితే దానిని పారేయవద్దు. యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (లోపలి డిస్క్‌ను బయటి డిస్క్‌గా వాడుకోనిచ్చే పెట్టెలో) పెట్టి, నెలకు ఒకసారి తగిలించి కాపీ చేసి, మళ్లీ తీసేసి బీరువాలో ఉంచుకోండి. కంప్యూటరుకు ఎప్పుడూ తగిలించి ఉంచిన ప్రతి, పవర్ సప్లై పేలినా రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) సోకినా అసలుతో పాటే పోతుంది. ఎన్నో ఏళ్లు నడిచిన డిస్క్ కనుక దాని ఒక్కదాని మీదే ఆధారపడకుండా, మళ్లీ దొరకని ఫొటోలను ఇంకో చోట కూడా ఉంచాలి. సీ5, సీ6 సున్నా కాని డిస్క్‌ను ఈ పనికి వాడకూడదు.

కొత్త డిస్క్ ఇంటికి వచ్చాక, వెనక్కి ఇచ్చే గడువు తీరకముందే పరీక్షించండి. ముందు స్మార్ట్‌లో నడిచిన గంటలు చూడండి. కొత్తదైతే సున్నా లేదా దాని దగ్గరలో ఉండాలి. సీరియల్ నంబరును తయారీదారు సైట్‌లో వేసి వారంటీ మీ ప్రాంతంలో చెల్లుతుందో లేదో తెలుసుకోండి, ఎందుకంటే కంప్యూటరు తయారీదారులకు టోకున ఇచ్చిన డిస్కులు విడిగా అమ్మకానికి వచ్చినప్పుడు వాటికి నేరుగా వారంటీ ఉండకపోవచ్చు. తరువాత హెచ్2టెస్ట్‌డబ్ల్యూ గానీ, లినక్స్‌లో ఎఫ్3 గానీ నడిపితే, చెప్పిన సామర్థ్యం నిజంగా ఉందో లేదో రాసి చదివి తేలుస్తాయి. 500 జీబీ అన్నది విండోస్‌లో 465గా కనిపించడం మోసం కాదు, అది వెయ్యికీ 1024కీ మధ్య లెక్క తేడా. హార్డ్ డిస్క్ అయితే స్మార్ట్‌లోని దీర్ఘ పరీక్షను రాత్రి నడిపి ఉదయం 05, సీ5 వరుసలు మరోసారి చూడండి. కొత్త డిస్క్‌లో ఆ రెండింటిలో ఏది సున్నా కాకపోయినా సర్దుకుపోకుండా మార్చి ఇవ్వమని అడగండి.